వ్యతిరేకం ఒక్కటే

తోలు హెల్మెట్‌ను వెల్లకిలా తిప్పి, బెంచీల వెంట ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పంపారు. ఎల్డర్టన్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో అది ఆనవాయితీ. కెప్టెన్‌ను ఎన్నుకోవాలన్నా, తప్పు చేసినవాణ్ణి జట్టులో ఉంచాలా వద్దా అని తేల్చాలన్నా చీటీలు ఆ హెల్మెట్‌లోనే పడేవి. వాటిని కోచ్ థర్లో ఒక్కడే విప్పి చూసేవాడు. చూసిన వెంటనే గది మధ్యనున్న బొగ్గుపొయ్యిలో వేసేవాడు. ఎవరి రాత ఎవరి కంటా పడకూడదన్నది దాని వెనకున్న మర్యాద.

ఆ డిసెంబరు సాయంత్రం తేల్చవలసిన సంగతి చిన్నది కాదు. కొత్త సంవత్సరం మొదటి రోజున దక్షిణాదిలో జరిగే జాస్మిన్ బౌల్ అనే పెద్ద పోటీకి ఎల్డర్టన్‌ను పిలిచారు. ఒహాయో మొక్కజొన్న చేల నడుమనున్న ఆ చిన్న కాలేజీ పేరు దేశమంతా రేడియోలో వినిపించే అవకాశం అంతకు ముందు రాలేదు; మళ్లీ వస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. పిలుపు వెనకాలే ఒక షరతు వచ్చింది. అక్కడి మైదానంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడరు. కాబట్టి హోబర్ట్ గెయిన్స్ రాకూడదు.

కోచ్ ఆ మాటను మెడలో వేలాడే ఈలకు చెబుతున్నట్టు తల వంచుకుని చెప్పాడు.

"హోబీ పరిగెత్తకపోతే మనకీ పిలుపే లేదు. అది నాకూ తెలుసు, మీకూ తెలుసు. నేను మాత్రం అటు అననూ, ఇటు అననూ. ఆడేది మీరు. 'వెళ్దాం' అనో 'వద్దు' అనో రాయండి." హోబర్ట్ వైపు తిరిగి, "హోబీ, నువ్వు కాసేపు బయట ఉంటానంటే ఎవరూ ఏమీ అనుకోరు," అన్నాడు.

"ఉంటాను, కోచ్."

"బయటా?"

"ఇక్కడే."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. జట్టులో ఉన్న ఒకే ఒక నల్లవాడు, అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు, మోకాళ్ల మీద చీటీ పెట్టుకుని పెన్సిల్ ముక్క అందుకున్నాడు.

హోబర్ట్‌కు మొదట తోచిన మాట 'వెళ్దాం'. మిగిలినవాళ్లంతా తన కోసం 'వద్దు' అని రాసినప్పుడు, వాళ్ల కోసం తానొక్కడూ 'వెళ్దాం' అని రాసి ఉండటం ఎంత అందంగా ఉంటుందో అతనికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ అందమే అతణ్ణి అనుమానంలో పడేసింది. తనకు జరగబోయే అన్యాయానికి తానే సంతకం పెట్టడం ఔదార్యం కాదు, అలంకారం. నిజంగా ఏం కావాలి? వెళ్లాలి, ఆడాలి. అది కుదరనప్పుడు తనను వదిలేసి వాళ్లు వెళ్లకూడదు. ఇందులో గొప్పతనమేమీ లేదు, నిజం మాత్రం ఉంది. 'వద్దు' అని రాసి మడిచాడు.

కోచ్ పొయ్యి దగ్గర అందరికీ వీపు పెట్టి నిలబడి చీటీలు విప్పాడు. ఒక్కొక్కటీ విప్పడం, చూడటం, మంటలో వేయడం. చాలాసేపు పట్టినట్టనిపించింది. చివరి చీటీ కాలిపోయాక చేతులు దులుపుకుని ఇటు తిరిగాడు.

"వెళ్తున్నాం," అన్నాడు. "వ్యతిరేకం ఒక్కటే."

హోబర్ట్ నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ఒక్కటీ ఎవరిదో ఆ గదిలో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఒక మనిషికి తన పక్షాన తానొక్కడే ఉన్నానని లెక్కగట్టి చెప్పడం ఇంత మామూలు గొంతుతో సాధ్యమని అతనికి అప్పుడే తెలిసింది.

ఆనవాయితీలో రెండో భాగం మిగిలి ఉంది. జట్టు రెండుగా చీలి తలుపు దాటకూడదు. రహస్యంగా ఎవరేం రాసినా, ఆ తరవాత కెప్టెన్ లేచి అడిగితే అందరూ చేతులెత్తాలి. కెప్టెన్ వెండెల్ కార్ లేచాడు. ఆటలో బంతి మొదట అతనికే అందుతుంది. అతను వెనక్కి తిరిగి చూడకుండా హోబర్ట్ పొట్టలోకి పెడతాడు. మూడేళ్లుగా హోబర్ట్ కూడా బంతి వైపు చూడలేదు. చేతులు తెరిచి పరిగెడితే చాలు, అది వచ్చి ఒదిగేది.

"అందరం ఒకటేనా?" అన్నాడు వెండెల్.

చేతులు లేచాయి. ఎవరి చెయ్యి ముందు, ఎవరిది వెనక అని హోబర్ట్ చూడలేదు. కాసేపటికి తన భుజం కూడా కదిలినట్టు తెలిసింది. ఈల వినగానే కాళ్లు కదిలినట్టుగా, మనసును అడగకుండానే చెయ్యి గాలిలోకి లేచింది.

"ఏకగ్రీవం," అన్నాడు కోచ్. "పత్రికలవాళ్లకి ఇదే మాట చెప్తావు, వెండెల్."

*

స్నానాల గదిలో ఆవిరి చాటున మొదటగా వచ్చినవాడు రెడ్ మెర్సర్. రాగి రంగు జుట్టు, నోరు మూతపడని స్వభావం. ఆ రోజు షవర్ కింద చాలాసేపు మాటల్లేకుండా నిలబడి, అటూ ఇటూ చూసి, సబ్బు అందిస్తున్నట్టు వంగాడు.

"ఒరేయ్ హోబీ, ఎవరికీ చెప్పకు. ఆ ఒక్కటీ నాదే."

హోబర్ట్ సబ్బు తీసుకున్నాడు. 'కాదురా, నాది' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అనాలంటే, తన కోసం తానే ఓటేసుకున్నానని ఒప్పుకోవాలి. పైగా చెయ్యి కూడా ఎత్తాడు. చెయ్యెత్తినవాడికి ఇప్పుడు నోరెత్తే హక్కుందా?

"థాంక్స్ రా," అన్నాడు.

మెర్సర్ ముఖంలో పెద్ద బరువు దించుకున్న వెలుగు కనిపించింది. ఎంత చవగ్గా దొరికింది వీడికి ఈ శాంతి!

మరునాడు మధ్యాహ్నం భోజనశాల వెనక పళ్లేలు కడుగుతుంటే ఆల్డెన్ ప్రూయిట్ వచ్చాడు. మత బోధకుడు కావాలని చదువుతున్నవాడు; ఆటకు ముందు జట్టంతటి తరఫునా ప్రార్థన చేసేవాడు. గుడ్డ తీసుకుని, అడక్కుండానే పళ్లేలు తుడవడం మొదలుపెట్టాడు.

"నా అంతరాత్మ ముందు నేను నిలబడాలి కదా, హోబర్ట్," అన్నాడు చివరికి. "అందుకే రాశాను. ఆ ఒకే ఒక్క 'వద్దు' నేను రాసిందే. చెయ్యెందుకు ఎత్తావని అడగకు. ఒక్కణ్ణే అని తెలిశాక ధైర్యం చాల్లేదు."

"పోన్లే, ఆల్డెన్. రాశావు, అది చాలు."

"నువ్వు క్షమించావంటే..."

"ఆ పళ్లెం తుడిచేశావు. ఇందాకే తుడిచావు."

ఆ తరవాత ఇంకొకడు గ్రంథాలయం మెట్ల మీద, ఇంకొకడు మంగలి దుకాణం బయట, మరొకడు బాయిలర్ గది పక్కన. అందరిదీ అదే తీరు. ముందు చుట్టూ చూడటం, తరవాత గొంతు తగ్గించడం, ఆపైన అదే మాట. హోబర్ట్ అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. ప్రతిసారీ లోపల ఏదో ఒక గది తలుపు మూసుకున్నట్టయ్యేది. 'వెళ్దాం' అని రాయడం ఒక ద్రోహం. అది ఆశ వల్ల జరిగింది, దాన్ని అర్థం చేసుకోవచ్చు. రాసి, తన దగ్గరికి వచ్చి, తన ఏకైక ఓటును కూడా తనకే దానం చేస్తున్నట్టు నటించడం మాత్రం అర్థం చేసుకోవలసింది కాదనిపించింది.

వెండెల్ మాత్రం రాలేదు. రాకపోవడాన్నే హోబర్ట్ పట్టుకుని వేలాడాడు. వాడు ఆ మాట అనడు. వస్తే నిజమే చెబుతాడు: 'వెళ్దామని రాశానురా, ఆడాలని ఉంది' అంటాడు. అంటే చాలు. అంత ద్రోహం తట్టుకోగలను, దాంతోనే బతకగలను అనుకున్నాడు.

*

పట్టాలకు ఆవలి వీధిలో మిస్ ఒడెల్లా ఇంట్లో హోబర్ట్ గది. కాలేజీ వసతిగృహంలో అతనికి చోటు లేదు. ఆ సంగతి ఎవరూ చీటీలు వేసి తేల్చలేదు. మిస్ ఒడెల్లా అధ్యాపకుల చొక్కాలు ఇస్త్రీ చేసేది. రెండు ఇనుప పెట్టెలు పొయ్యి మీద మార్చి మార్చి వేడి చేసుకుంటూ, వేలు తడిచేసి అంటించి చుయ్యిమన్నది విని, కాలర్ మీద ఆన్చేది.

"మళ్లీ ఎవడైనా వచ్చాడా నిన్న?" అంది ఉదయం కాఫీ పోస్తూ.

"వచ్చాడమ్మా. ఆ పొడుగాటివాడు."

"ఓరి దేవుడా! ఒక్క ఓటు, ఎంతమంది తండ్రులు!" పడీపడీ నవ్వి, ఇనుప పెట్టె పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. అంతలోనే నవ్వు ఆపేసింది. "మరి నువ్వేమన్నావు?"

"థాంక్స్ అన్నాను."

"థాంక్స్! నీ మొహం. 'అది నాది' అని మొదటివాడి మొహాన అనుంటే రెండోవాడు వచ్చేవాడా?"

"ఏం లాభమమ్మా? వాళ్లు సిగ్గుపడతారు. నేను ఇంకా సిగ్గుపడతాను."

"సిగ్గు వాళ్లది, నువ్వెందుకు మోస్తావు నాయనా?" చొక్కా తిరగేసి వీపు మీద ఇనుప పెట్టె నడిపించింది. "నువ్వు పెద్ద మనసు అనుకుంటున్నావు. నాకైతే పొగరులా ఉంది. వాళ్ల గురించి నువ్వే ఒక తీర్పు రాసేసుకుని, వాళ్లకి వినిపించకుండా జేబులో పెట్టుకు తిరుగుతున్నావు."

హోబర్ట్ కాఫీ తాగాడు. ఆమె మాటలో నిజం ఉన్నట్టు తోచింది. తోచిన నిజాన్నల్లా పాటించే ఓపిక ఆ వారం అతనికి లేదు.

*

బయట మంచు పడుతుండటంతో అభ్యాసం పశువుల సంత జరిగే షెడ్డులోకి మార్చారు. నేల మీద రంపపు పొట్టు, గోడల్లో పాత ఎద్దుల వాసన. కోచ్ థర్లో హోబర్ట్ దగ్గరికి వచ్చి ఎర్ర బనీను చేతిలో పెట్టాడు.

"వాళ్ల జట్టులో ట్రెడ్‌వెల్ అని ఒకడున్నాడు. వాణ్ణి ఆపితే గెలిచినట్టే. వాడిలా పరిగెత్తగలవాడు మన దగ్గర నువ్వొక్కడివే." కోచ్ కళ్లు షెడ్డు కప్పు వైపు వెళ్లాయి. "నువ్వు వద్దంటే బలవంతం లేదు."

అంటే, తాను అడుగు పెట్టకూడని ఆటలో తన జట్టు గెలవడానికి, ప్రత్యర్థి వేషం తానే కట్టాలి. హోబర్ట్ బనీను తల మీంచి తొడుక్కున్నాడు. ఎందుకు తొడుక్కున్నాడో ఆ క్షణాన అతనికే స్పష్టంగా తెలియదు. పరిగెత్తడం తప్ప ఆ వారంలో తనది అనదగింది ఇంకేమీ మిగలలేదు.

గోడకు కట్టిన దుప్పటి మీద ట్రెడ్‌వెల్ ఆడిన ఆట ఫిల్ము వేశారు. హోబర్ట్ దాన్ని మళ్లీ మళ్లీ వేయమన్నాడు. ట్రెడ్‌వెల్ బంతి అందుకున్నాక రెండంగలు పొట్టిగా వేస్తాడు; కుడివైపు తిరగబోయే ముందు ఎడమ భుజం కిందికి వాలుస్తాడు; అడ్డొచ్చినవాణ్ణి తప్పించుకోకుండా అరచేత్తో గడ్డం కింద తోస్తాడు. సాయంత్రానికి హోబర్ట్ నడకే మారిపోయింది. ఎన్నడూ కలవని, తనతో ఒక మైదానం మీద నిలబడటానికి ఒప్పుకోని మనిషిని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు.

ఇక పరుగు మొదలైంది. మొదటి జట్టు మొత్తం ఎదురుగా నిలబడితే, వాళ్ల మధ్యనుంచి ఎర్ర బనీను దూసుకుపోయింది. మెర్సర్ నడుం పట్టుకోబోయాడు. తప్పించుకు పోవడానికి పక్కన చోటుంది, అయినా హోబర్ట్ తప్పుకోలేదు. అరచెయ్యి నేరుగా ముఖం మీదికి తోసి, మీద నుంచి తొక్కుకుంటూ వెళ్లాడు. మెర్సర్ ముక్కులోంచి కారిన నెత్తురు రంపపు పొట్టులో చిన్న చిన్న ఉండలు కట్టింది. ప్రూయిట్‌ను రెండుసార్లు పడగొట్టాడు. వాళ్లు గట్టిగా తగల్లేదు. తగలవలసిన చోట చేతులు మెత్తబడిపోయాయి. తప్పు చేసినవాళ్ల చేతులు అలాగే ఉంటాయనుకుని, తరవాతి పరుగు ఇంకా బలంగా తీశాడు.

వెండెల్ ఒక్కడే అతణ్ణి పడేయగలిగాడు. పడేశాడనడం కూడా సరికాదు. నడుం చుట్టూ చేతులు బిగించి, నిద్రపోతున్న పిల్లవాణ్ణి మంచం మీదికి దించినట్టు నేల మీదికి దించాడు. క్షణంపాటు ఇద్దరి ముఖాలూ దగ్గరగా వచ్చాయి. వెండెల్ పెదవులు కదిలాయి. ఈల మోగింది. లేచి ఎవరి వరసలోకి వాళ్లు వెళ్లిపోయారు.

చివరికి అతణ్ణి ఢీకొట్టినవాడు కాజ్ డూడెక్. బొగ్గుగనుల ఊరినుంచి వచ్చినవాడు, గోడలాంటి ఒళ్లు. మూడేళ్లలో హోబర్ట్‌తో మంచి మాట ఒకటి ఆడి ఎరగడు. భుజం దించి ఢీకొడితే హోబర్ట్‌కు ఊపిరి ఆగి, కళ్ల ముందు షెడ్డు కప్పు తిరిగింది.

"ఏంరా ట్రెడ్‌వెలూ, పడుకున్నావే?" అన్నాడు డూడెక్ మీద నిలబడి. "దక్షిణాదిలో ఎండ బాగుంటుందట. ఇక్కడ పడుకుంటే జలుబు చేస్తుంది. లే."

అభ్యాసం అయ్యాక బెంచీ మీద పక్కన కూర్చుని, చీలమండకు చుట్టిన పట్టీ పీకేస్తున్నాడు డూడెక్. పట్టీతో పాటు వెంట్రుకలు ఊడుతుంటే వాళ్ల భాషలో తిట్టుకుంటున్నాడు. హోబర్ట్ ఎదురుచూశాడు. వీడు కూడా ఇప్పుడు చుట్టూ చూసి గొంతు తగ్గిస్తాడు.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడు డూడెక్, గదంతా వినపడేంత గట్టిగా.

"ఏం లేదు. నువ్వు కూడా ఏదైనా చెప్తావేమోనని."

"నేనా? నేను వెళ్దామని రాశాను."

హోబర్ట్ చేతిలోని బూటు కింద పెట్టాడు.

"నేను సముద్రం చూళ్లేదు," అన్నాడు డూడెక్. "చెట్టుకు వేలాడే నారింజపండు చూళ్లేదు. గడ్డి పచ్చగా ఉంటుందట అక్కడ, జనవరిలో! వచ్చే ఏడు ఈపాటికి నేను గనిలో ఉంటాను. మళ్లీ అడిగినా వెళ్దామనే రాస్తాను. నీకు నచ్చకపోతే రేపు నన్ను కూడా తొక్కు, మెర్సర్‌ని తొక్కినట్టు."

"నువ్వొట్టి పందివిరా, కాజ్."

"అవును," అన్నాడు డూడెక్. "మరి నువ్వెందుకు చెయ్యెత్తావు?"

ఆ వారంలో మొదటిసారి అతనికి ఊపిరి నిండుగా ఆడింది. తనకు వ్యతిరేకంగా ఓటేసిన మనిషి పక్కన కూర్చుని అంత హాయిగా ఉండటం వింతగా తోచింది. డూడెక్ జేబులోంచి ఉప్పు చల్లిన రొట్టె తీసి, సగం విరిచి, ముఖం చూడకుండా ఇటు తోశాడు. ఇద్దరూ నమిలారు. ద్రోహంలో కూడా నిజాయితీ ఉంటే దాని మీద కాలు పెట్టి నిలబడవచ్చు అనుకున్నాడు హోబర్ట్. వెండెల్ ఇచ్చేది కూడా ఇదే అయితే చాలు.

*

రైలు మధ్యాహ్నం బయల్దేరాలి. ఊరంతా స్టేషనుకు వచ్చింది. బాకాలు, జెండాలు, ఉన్నిటోపీల కింద ఎర్రబడ్డ ముఖాలు. హోబర్ట్ రాకూడదనుకున్నాడు. పత్రికకు తీయబోయే ఫోటోలో జట్టు మొత్తం ఉండాలనీ, అతను లేకపోతే ఊళ్లో వేరేగా అనుకుంటారనీ కోచ్ కబురు పెట్టాడు. చెయ్యెత్తినవాడికి ముఖం చూపించడం పెద్ద పని కాదనుకుని వచ్చాడు.

చివరి పెట్టె మెట్ల మీదా, తలుపులోనూ, కిటికీల దగ్గరా అందర్నీ నిలబెట్టారు. హోబర్ట్‌ను వెండెల్ పక్కన, పై మెట్టు మీద నిలబెట్టారు. నల్లగుడ్డ కిందనుంచి ఫోటోగ్రాఫర్ నవ్వమన్నాడు. వెలుగు మెరిసింది. ఒక్క క్షణం ఎల్డర్టన్ జట్టు మొత్తం దక్షిణాదికి ప్రయాణమైన రైల్లో ఉంది.

తరవాత అందరూ లోపలికి పోయారు. మెర్సర్ వాచిన ముక్కుతో దాటిపోతూ హోబర్ట్ భుజం తట్టాడు. హోబర్ట్ దిగబోతుంటే వెండెల్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"హోబీ. చెప్పకుండా వెళ్లలేనురా."

హోబర్ట్ ఆగాడు. వెండెల్ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. ఆ చూపులోనే, ఆ గొంతులోనే రాబోయే మాటంతా హోబర్ట్‌కు వినిపించేసింది. వద్దురా, ఇంకేదైనా చెప్పు, పచ్చగడ్డి గురించి చెప్పు, నారింజపండు గురించి చెప్పు అని మనసులో బతిమాలుకున్నాడు.

"ఆ ఒక్క ఓటూ నాదే," అన్నాడు వెండెల్.

"నువ్వూనా?"

"నేనూనా అంటే?"

"అది నాదిరా, వెన్. ఆ ఒక్క 'వద్దూ' నేను రాసుకున్నది." ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట అంత తేలిగ్గా బయటికి వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. "అందరి దగ్గరా ఊరుకున్నాను. నీ దగ్గర ఊరుకోలేను. ఎవరు చెప్పినా తట్టుకున్నాను, నువ్వు ఈ అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది."

వెండెల్ కళ్లు దించుతాడని ఎదురుచూశాడు. వెండెల్ దించలేదు. నుదురు ముడిపడింది. ముఖం కోపంతో కందింది.

"అబద్ధమా? ఎవడ్రా అబద్ధమాడింది? నువ్వేం రాశావో నాకు తెలీదు. నేను 'వద్దు' అని రాశాను. రాసి కింద గీత గీశాను, కోచ్ కంటపడాలని. ఒక్కటే అన్నాడు, అది నాదే అనుకున్నాను. మిగిలినవాళ్లంతా... నువ్వు కూడా వెళ్దామని రాశావనుకున్నానురా! చెయ్యెత్తావు కదా. అందుకే నీ మొహం చూడలేకపోయాను."

ఈ కోపం హోబర్ట్‌కు తెలుసు. గీత దాటకపోయినా దాటావని అంపైర్ తీర్పు చెప్పినప్పుడు వెండెల్ ముఖంలో కనిపించే కోపం ఇదే. తన నిజాన్ని కాదన్నప్పుడు మాత్రమే మనిషికి వచ్చేది.

"అయితే రెండు ఉండాలి," అన్నాడు వెండెల్ మెల్లగా.

"రెండు కాదు," అన్నాడు హోబర్ట్.

మెర్సర్. ప్రూయిట్. గ్రంథాలయం మెట్ల మీద, మంగలి దుకాణం బయట, బాయిలర్ గది పక్కన. అందరూ చుట్టూ చూసి గొంతు తగ్గించారు. దాన్ని అతను దొంగల జాగ్రత్త అనుకున్నాడు. అది, గదంతటిలో తానొక్కణ్ణే అనుకున్న మనిషి భయం. ఒక్కొక్కడూ 'వద్దు' అని రాశాడు, 'ఒక్కటే' అన్న మాట విన్నాడు, ఆ ఒక్కడూ తానేననుకుని చెయ్యెత్తాడు. ఎవరూ ఇంకొకరితో అనలేదు. అందరి మాటా విన్నవాడు, తాను రాసిందేమిటో తెలిసినవాడు, పక్కపక్కన పెట్టి చూసి తప్పెక్కడుందో కనిపెట్టగలిగినవాడు ఒక్క హోబర్టే. అతను కృతజ్ఞతలు చెప్పి, వాళ్లను లోలోపల శిక్షించి, మెర్సర్ ముఖం మీదుగా నడిచి వెళ్లాడు.

పక్క పెట్టె తలుపు దగ్గర కోచ్ థర్లో ఎక్కేవాళ్లను చూస్తూ నిలబడ్డాడు. వాళ్లిద్దరూ తన వైపే చూస్తున్నారని తెలిసి జేబులోంచి గడియారం తీశాడు. గడియారం చూసి మూత వేశాడు. అక్కణ్ణుంచి కదిలి వాళ్ల దగ్గరికి వచ్చాడు.

"ఎక్కు, వెండెల్. ఇంజను కూత వేస్తోంది."

"కోచ్, ఆ చీటీలు..." అన్నాడు వెండెల్. "నిజంగా ఒక్కటేనా?"

ఆవిరి వాళ్ల కాళ్ల చుట్టూ పాకి పోయింది.

"ఏకగ్రీవం అని పత్రికలవాళ్లకి చెప్పింది నువ్వే కదయ్యా," అన్నాడు. కోపం లేదు, అలసట మాత్రం ఉంది. "నేను బలవంతం చేశానా? అందరం ఒకటేనా అని అడిగింది నువ్వు. ఎవరైనా ఒక్కడు చెయ్యి కిందికి ఉంచితే నేను అక్కడితో ఆపేసేవాణ్ణి. చూశాను. ఎవరూ ఉంచలేదు." హోబర్ట్ వైపు తిరిగాడు. "హోబీ చెయ్యి కూడా లేచింది."

అని తన పెట్టెలోకి ఎక్కాడు.

రైలు కుదుపుతో కదిలింది. హోబర్ట్ ప్లాట్‌ఫారం మీదికి దిగాడు. వెండెల్ కింది మెట్టు మీదికి వచ్చి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నట్టు నిలబడ్డాడు. హోబర్ట్ మెట్టుతో సమానంగా నడిచాడు. రైలు ఇంకా నడక వేగాన్ని మించలేదు. ఒక్క అంగ వేస్తే దిగిపోవచ్చు.

"ఎంతమందిరా?" అన్నాడు వెండెల్.

"నాకు చెప్పినవాళ్లే చాలామంది. చెప్పనివాళ్లు ఎందరో."

వెండెల్ లోపలికి చూశాడు. కిటికీ వెనక ఎవరో పాట మొదలుపెట్టారు, మిగిలినవాళ్లు అందుకున్నారు. మళ్లీ ఇటు చూశాడు. రైలు వేగం పెరిగింది. హోబర్ట్ చిన్నగా పరుగందుకున్నాడు. రైలు పక్కన పరిగెత్తడం అతనికి కష్టం కాదు.

"హోబీ, దిగిపోనా?" అన్నాడు వెండెల్.

అతని కళ్లలో నీళ్లున్నాయి. ఆ ప్రశ్నలో మోసం లేదు. హోబర్ట్ అవునంటే అతను దిగేవాడే. లోపలున్న ఇంకొందరూ దిగేవాళ్లేమో. ఆ వారంలో ఎవరూ ఇవ్వని అధికారం ఇప్పుడు హోబర్ట్ చేతిలో పెట్టి, బరువంతా దానితో పాటే అక్కడ వదిలేస్తున్నాడు.

"దాన్ని కూడా నేనే తేల్చాలా, వెన్?" అన్నాడు హోబర్ట్.

వెండెల్ ఏదో అన్నాడు. ఇంజను మోతలో అది వినిపించలేదు. అతని చెయ్యి కమ్మీని వదల్లేదు. ప్లాట్‌ఫారం అయిపోయే చోట హోబర్ట్ ఆగాడు. రైలు ఆగలేదు. మంచు కప్పిన మొక్కజొన్న మోళ్ల మధ్యగా అది చిన్నదవుతూ పోతుంటే, మెట్టు మీద నిలబడ్డ మనిషి చాలా దూరం దాకా మనిషిలాగే కనిపించాడు.

వెనక బాకాల మోత ఆగింది. జనం చేతులు రుద్దుకుంటూ ఇళ్లవైపు మళ్లారు. హోబర్ట్ అక్కడే నిలబడి, ఒక్కొక్క ముఖాన్నీ మళ్లీ గుర్తు చేసుకున్నాడు. ఒక్కొక్కరి మీదా తాను రాసుకున్న తీర్పును కొట్టేశాడు. వాళ్లలో ఒక్కడు కూడా తనతో అబద్ధమాడలేదు.

అందరూ రైల్లోనే ఉన్నారు.